కౌడర్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జర్మన్ రాజకీయ నాయకుడు ఫోల్కర్ కౌడర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 1949లో పుట్టుక, లా చదువు, 1990లో జర్మన్ పార్లమెంటు బుండెస్టాగ్‌కి ఎన్నిక, 2005 నవంబర్ నుంచి 2018 సెప్టెంబర్ దాకా సీడీయూ–సీఎస్‌యూ అనే సోదర పార్టీల (రెంటినీ కలిపి ‘యూనియన్’ అంటారు) ఉమ్మడి పార్లమెంటరీ పక్ష నేత పదవి, అన్నీ వరసగా ఉన్నాయి. మనిషి మాత్రం కనిపించడం లేదు. ఆ కాలంలో ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, ఆయన పార్టీకే చెందిన మెర్కెల్. ‘మెర్కెల్ కుడిభుజం’, ‘నమ్మినబంటు’, ‘తెర వెనక వ్యూహకర్త’ అని బిరుదులిచ్చి చేతులు దులుపుకున్నావు. ఈ బిరుదులు ఏ పార్టీలో ఏ నంబర్ టూకి తగిలించినా అతుకుతాయి.

ఇలాంటివాళ్ల గురించి రాయడం కష్టమే, ఒప్పుకుంటాను. మంత్రికైతే చెప్పుకోడానికి ఒక పథకం ఉంటుంది, ఛాన్సలర్‌కైతే ఒక శకమే ఉంటుంది. పక్షనేత పని వేరేవాళ్ల నిర్ణయానికి ఓట్లు సమకూర్చడం. బిల్లు గట్టెక్కితే పేరు ఛాన్సలర్‌ది, గట్టెక్కకపోతే తిట్లు ఈయనవి. అందుకే ఆయన కథ కోసం ఉపన్యాసాలు తిరగేయకు. ఓటింగ్ లెక్కలు చూడు, అదీ సొంత పార్టీలో ఎవరు ఎదురు తిరిగారన్న లెక్క.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన గ్రీస్ వ్యవహారమే తీసుకో. 2015 జులై 17న, అప్పుల్లో కూరుకుపోయిన గ్రీస్‌కి మూడో విడత సాయం మీద చర్చలు మొదలుపెట్టాలా వద్దా అన్న ఓటింగ్‌లో యూనియన్ పక్షంలోని 311 మందిలో 60 మంది ‘వద్దు’ అన్నారు. ఆగస్టులో కౌడర్ ఒక పత్రికకి ఇంటర్వ్యూ ఇచ్చి, వ్యతిరేకంగా ఓటేసినవాళ్లని బడ్జెట్, యూరప్ వ్యవహారాల లాంటి కీలక కమిటీల్లో కొనసాగించలేమన్నారు. పార్టీలో దుమారం రేగింది. ఆగస్టు 19న అసలు ప్యాకేజీ మీద, అంటే 86 బిలియన్ యూరోల దాకా వెళ్లే సాయం మీద, ఓటింగ్ జరిగితే ‘వద్దు’ అన్నవాళ్లు 63 మంది అయ్యారు. బెదిరిస్తే తగ్గాల్సిన లెక్క ముగ్గురు పెరిగింది! ఈ నెల రోజులూ నిదానంగా రాస్తే పదమూడేళ్ల పదవి ఎలా నడిచిందో పాఠకుడికి నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ పాఠకుడికి ఒక డౌట్ వస్తుంది. మెర్కెల్‌కి అప్పుడు సంకీర్ణ భాగస్వామి ఎస్పీడీతో కలిపి సభలో 504 మంది బలం ఉంది. మొత్తం సభ్యులు 631. ఓ అరవై మంది జారిపోతే వచ్చే నష్టమేంటి? బిల్లుకి నష్టమేం లేదు, 454–113తో పాసైంది. పరువుకి ఉంది. ఛాన్సలర్ మాట సొంత పక్షంలోనే చెల్లడం లేదన్న కబురు బయటికి పొక్కితే, రేపు ఇంకో బిల్లు మీద ఇంకొందరికి ధైర్యం వస్తుంది. కౌడర్ భయం అది. ఈ మాట నువ్వు రాయకపోతే ఆయన ఉత్త మొండిమనిషిలా కనిపిస్తాడు.

ఇంకొకటి. ‘కౌడర్ విప్ జారీ చేశారు’ అని రాశావు. కొట్టెయ్. మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది కాబట్టి, విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందని తెలుగు పాఠకుడు అనుకుంటాడు. జర్మనీలో అలా పోదు. సభ్యులు మొత్తం ప్రజల ప్రతినిధులు, ఎవరి ఆదేశాలకీ కట్టుబడనక్కర్లేదు, తమ మనస్సాక్షికే కట్టుబడాలి అని వాళ్ల రాజ్యాంగం 38వ అధికరణం చెబుతోంది. సభ జరిగే వారాల్లో మంగళవారం మధ్యాహ్నం పక్షం తలుపులేసుకుని కూర్చుంటుంది. అవసరమైతే అక్కడే ఒక ట్రయల్ ఓటింగ్ పెట్టుకుంటారు. పార్టీ లైన్ దాటాలనుకున్నవాడు నాయకత్వానికి ముందే చెప్పాలన్నది పక్షం నియమం. ఇక నాయకుడి చేతిలో మిగిలేది బుజ్జగింపు, కమిటీల్లో చోటు, సభలో మాట్లాడే అవకాశం. గట్టిగా చూస్తే ఇంతే. ఇంత తక్కువ సరంజామాతో పదమూడేళ్లు నెగ్గుకొచ్చారంటే అది చిన్న విషయం కాదు. నీకు ఆయన రాజకీయం నచ్చకపోవచ్చు, నాకూ చాలా విషయాల్లో నచ్చదు, అయినా ఆ పనితనానికి దక్కాల్సిన మార్కులు దక్కాలి.

‘మెర్కెల్ నీడ’ అన్న మాట కూడా సగమే నిజం. 2017 జూన్ 30న స్వలింగ వివాహాల బిల్లు వచ్చినప్పుడు పార్టీ లైన్ లేదు, ఎవరి ఇష్టం వాళ్లది. యూనియన్‌లో 75 మంది అనుకూలంగా ఓటేశారు. కౌడర్ వ్యతిరేకించారు, అది ఆయన నమ్మకం. వేరే దేశాల్లో క్రైస్తవుల మీద జరిగే వేధింపుల గురించి ఏళ్ల తరబడి మాట్లాడిందీ ఎవరో చెబితే కాదు. నియోజకవర్గం సంగతీ వదిలేశావు. రోట్‌వైల్–టుట్‌లింగన్ అంటే ఒకవైపు సర్జరీ పరికరాలకి పేరున్న టుట్‌లింగన్, ఇంకోవైపు హెక్లర్ అండ్ కోహ్ తుపాకుల కంపెనీ ఉన్న ఓబెర్న్‌డోర్ఫ్. ఒక్క పేరా చాలు.

ఇక పతనం. ‘2018 సెప్టెంబర్ 25న అనూహ్యంగా ఓడిపోయారు’ అని రాశావు. ఎవరికి అనూహ్యం? 2013లో ఆయన్ని పక్షం 97 శాతం ఓట్లతో ఎన్నుకుంది. 2017 ఎన్నికల్లో పార్టీ బాగా దెబ్బతిన్నాక అది 77 శాతానికి పడింది, అప్పుడు పోటీగా ఎవరూ లేరు. ఎదురుగా మనిషే లేకపోయినా దాదాపు నాలుగో వంతు మంది మొహం తిప్పుకున్నారంటే, ఆ మరుసటి ఏడాది ఓటమి పిడుగేమీ కాదు. ఆయన డిప్యూటీల్లో ఒకరైన రాల్ఫ్ బ్రింక్‌హౌస్ నిలబడ్డారు. మెర్కెల్, సీఎస్‌యూ అధ్యక్షుడు జేహోఫర్ కౌడర్‌కే ఓటేయమన్నారు. రహస్య బ్యాలెట్‌లో 125–112. ఏడుగురు ఇటు తిరిగుంటే లెక్క తారుమారయ్యేది. మెర్కెల్ మీద కోపాన్ని ఛాన్సలర్ కుర్చీ జోలికి పోకుండా తీర్చుకోడానికి వాళ్లకి దొరికిన చోటు కౌడర్ అని నా అభిప్రాయం. ఓటమిని కప్పిపుచ్చేదేమీ లేదని ఆమే అన్నారు. నెల దాటిన కొద్ది రోజులకే, అక్టోబర్ 29న, పార్టీ అధ్యక్ష పదవికి మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం వద్దు.

మళ్లీ రాసేటప్పుడు 2015 వేసవితో మొదలుపెట్టు. పుట్టుక, చదువు మధ్యలో ఎక్కడో రెండు వాక్యాల్లో ఇరికించు. పదవి పోయాక ఆయన రాజీనామా చేసి వెళ్లిపోలేదు, 2021 దాకా మామూలు సభ్యుడిగా ఉన్నారు, అదీ చేర్చు. బిరుదులన్నీ తీసేసి పంపు, చూస్తాను.

మీ అన్నయ్య