‘ఎ పెన్ టు రైట్’ అంటే సరిపోదా? చివర ‘విత్’ ఎందుకు?

సరిపోదు. మాటల్లో నడిచిపోతుంది గానీ రాతలో దొరికిపోతారు. ‘వాటర్ టు డ్రింక్’ దగ్గర ఎవరికీ ఇబ్బంది రాదు, తాగేది ఆ నీళ్ళనే కదా. ఆ వస్తువుతోనో, దాని మీదో, దాని లోపలో పని జరిగినప్పుడే గొడవంతా.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. ఒకసారి తొమ్మిదో తరగతి వాళ్ళని హాస్టల్ వార్డెన్‌కి ఉత్తరం రాయమన్నాను. హాస్టల్లోనే ఉండే ఓ కుర్రాడు కడుపులో ఉన్నదంతా కక్కేశాడు: ‘వుయ్ హావ్ నో ప్లేట్స్ టు ఈట్, నో బెడ్స్ టు స్లీప్.’ బోర్డు మీద రాయించాను. వెనక బెంచీ నుంచి ఒకడు, ‘ప్లేట్లిస్తే నమిలేస్తావేంట్రా?’ అన్నాడు. క్లాసంతా ఘొల్లున నవ్వింది. వీడు తొణకలేదు. ‘అన్నం ప్లేట్లోనే కదా మేడం తినేది, వార్డెన్ సార్‌కి ఆ మాత్రం తెలీదా?’ అన్నాడు. లా పాయింటే! సరే, మామూలు వాక్యం చెప్పమన్నాను. ‘వుయ్ ఈట్ ఇన్ ప్లేట్స్.’ ఆ ‘ఇన్’ని ‘ఫ్రమ్’ చేసి, మరి ఇది బోర్డు మీద ఏదిరా అంటే, సుద్దముక్క తీసుకుని చివర తగిలించాడు. బెడ్స్ వాక్యానికి ‘ఆన్’ నేను చెప్పకుండానే పెట్టాడు.

ఇంతకు మించి రూల్ అక్కర్లేదు. టాక్ టు ఎ ఫ్రెండ్ అంటాం కాబట్టి ‘ఎ ఫ్రెండ్ టు టాక్ టు’. రెండో ‘టు’ చూసి కంగారుపడకండి. ప్లేస్, టైమ్, వే లాంటి మాటలకు మాత్రం మినహాయింపు, ‘ఎ ప్లేస్ టు లివ్’ చాలు.

ప్రిపొజిషన్‌తో, అంటే ఈ విత్, ఆన్, ఫ్రమ్ లాంటి మాటతో, వాక్యం ముగించకూడదంటూ ఎర్ర సిరాతో కొట్టేసే మాస్టార్లు ఇంకా ఉన్నారు. 1672లో ఇంగ్లీషు కవి జాన్ డ్రైడెన్ తనకు ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ రాతల్లో ఇది తప్పని ఎత్తిచూపాడు. ఆ చాదస్తాన్ని మనం మోస్తున్నాం. పరీక్షల్లోనేమో గీత గీసిన మాట ఇన్ఫినిటివా (‘టు రైట్’ లాంటిది), జెరండా (‘రైటింగ్’ లాంటిది) అని అడుగుతారు. పేరు తెలిస్తే వాక్యం వచ్చేస్తుందా?

‘ఫర్ టు రైట్’ మాత్రం రాయకండి. ‘ఫర్’ కావాలంటే ‘ఎ నైఫ్ ఫర్ కటింగ్ బ్రెడ్’ అనాలి, అది ఆ కత్తి దేనికో చెప్పడం. ఇప్పుడు బ్రెడ్ కొయ్యాలి, కత్తి కావాలి అంటే ‘ఎ నైఫ్ టు కట్ ది బ్రెడ్’. ఇక్కడ ‘విత్’ లేకపోయినా పరవాలేదు, కట్ చేయడానికి బ్రెడ్ దొరికింది కాబట్టి కత్తినే కోస్తారని ఎవరూ అనుకోరు.