పాత అంబాసిడర్ సీట్లు ఒరిజినలేనా, ఎలా తెలుస్తుంది? మార్చెయ్యాలా?

తాతగారి నాటి 1960ల అంబాసిడర్ కారు సీటు పైనుంచి చూస్తే ఏమీ తేలదండీ, ఎందుకంటే చాలామంది సీట్ల మేస్త్రీలు పాత రెక్సిన్ విప్పకుండా దానిమీదే కొత్త కవర్ కుట్టేస్తారు, అంటే ఒరిజినల్ ఇంకా కిందే ఉండొచ్చు. వెనక సీటు ఊడదీసి బోర్లా వేయండి. అంచు మడతల్లో ఎండ తగలని చోట అసలు రంగు కనిపిస్తుంది. గోనెగుడ్డ, కొబ్బరిపీచు, స్ప్రింగులు ఉంటే మంచి సూచనే, కానీ అదొక్కటే చాలదు. మేకులు దిగిన రంధ్రాలు లెక్కపెట్టండి: ఒకే వరుస ఉంటే ఎవరూ ముట్టుకోనట్టే, పక్కపక్కన రెండు మూడు ఉంటే ఆ సీటు ఒకటి రెండుసార్లు మేస్త్రీ చేతిలో పడిందన్నమాట. మెరిసే నైలాన్ దారం, స్టేపుల్ గన్‌తో కొట్టిన పిన్నులు కనబడితే తర్వాత చేసిన పనేనని నా అనుమానం.

బాగుచేయించే ముందు ఫొటోలు తీయండి, మడతల వెడల్పు, పైపింగ్ (అంచుల వెంట కుట్టే గుండ్రటి పట్టీ) మందం కొలిచి రాసుకోండి. రెక్సిన్‌కి గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. మెరుపు కోసం నూనె, టైర్ పాలిష్ మాత్రం వద్దు, గట్టిపడిపోయిన రెక్సిన్ వాటితో మళ్లీ మెత్తబడదు, పైగా జిడ్డుకి దుమ్మంతా పట్టేస్తుంది. చిన్న చిరుగైతే లోపలినుంచి గుడ్డ అతికించొచ్చు. మొత్తం మార్చక తప్పకపోతే, కుట్లు విప్పిన పాత ముక్కల్నే కాగితం మీద పెట్టి కొలత గీయించండి. ఆ ముక్కలు మాత్రం పారేయనివ్వకండి, మేస్త్రీ చెత్తలో వేసేలోపే సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.