ఎత్తు కంటే ముందు పునాది: ఇంటి దగ్గర హామ్ రేడియో స్తంభాలు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సొంత రేడియో స్టేషను నుంచి తోటివారితో మాట్లాడే అమెచ్యూర్ రేడియో) యాంటెన్నాను ఇంటి దగ్గర నిలబెట్టే పద్ధతి గురించే ఉన్నాయి. వేసవి గాలిదుమారాలు మొదలయ్యేలోగా పని ముగించాలన్న తొందర వాటిలో కనిపిస్తున్నది. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, నాలుగు ప్రశ్నలుగా కుదించి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు ఈమధ్యనే అమెచ్యూర్ లైసెన్సు వచ్చింది. 200 గజాల జాగాలో ఒక్క అంతస్తు ఇల్లు ఉంది. పై అంతస్తు కోసమని పిల్లర్ల చువ్వలు మిద్దె మీద అలాగే వదిలేశాము. వాటి ఆధారంగా 80 అడుగుల టవర్ నిలబెట్టి ఇస్తానని ఒక వెల్డింగు మేస్త్రీ అంటున్నాడు. అంత ఎత్తు అవసరమా? చువ్వలు ఆగుతాయా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: చువ్వల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ పొరపాటు నేనూ చేశాను. మహబూబ్‌నగర్‌లో మా మిద్దె మీదా అలాంటి చువ్వలే ఉండేవి. రెండు జి.ఐ. పైపులను కలిపి, బైండింగ్ వైరుతో ఆ చువ్వలకు బిగించి, నైలాన్ తాళ్లతో మూడు దిక్కులకు లాగి కట్టి, తక్కువ ఖర్చులో పని అయిపోయిందని సంబరపడ్డాను. రెండో ఏడు రోహిణి కార్తె చివర ఒక సాయంత్రం లేచిన గాలికి, ఎండకు పెళుసెక్కిన తాడు ఒకటి తెగి, స్తంభం పక్కింటి పెద్దమ్మ బర్ల కొట్టం రేకుల మీద పడింది. బర్లు మేత నుంచి ఇంకా ఇల్లు చేరలేదు కాబట్టి నష్టం రేకులతో పోయింది. మరునాడు చూస్తే, పైకి గట్టిగానే కనిపిస్తున్న చువ్వలు స్లాబులోకి దిగే చోట మాత్రం తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. ఒకటి చేత్తో వంచితేనే విరిగింది. వాన నీళ్లు నిలిచేది సరిగ్గా ఆ మొదట్లోనే. కాబట్టి ఆ చువ్వలను బట్టలారేసే తీగకు వాడుకోండి గాని స్తంభానికి వాడకండి.

ఇక ఎత్తు. మీరు ఏ బ్యాండు మీద, అంటే ఏ తరంగాల శ్రేణిలో, మాట్లాడదలచుకున్నారో తేలకుండా ఎంత ఎత్తు కావాలో తేలదు. కొత్తవారు సాధారణంగా మొదలుపెట్టే 40 మీటర్ల బ్యాండుకు, అంటే 7.1 మెగాహెర్ట్‌జ్ దగ్గర, అర్ధ తరంగ డైపోల్ (నడుమ కేబుల్ తగిలించి రెండు రెక్కలుగా సాగదీసే తీగ యాంటెన్నా) పొడవు సుమారు 20 మీటర్లు వస్తుంది. 143ను మెగాహెర్ట్‌జ్‌లతో భాగిస్తే మీటర్లలో పొడవు తెలుస్తుందన్నది అందరూ వాడే లెక్క. ఆ తీగ నడిమి భాగాన్ని 10 నుంచి 12 మీటర్ల ఎత్తున కట్టి, రెండు రెక్కలను కిందికి వాలిస్తే చాలు; రెక్కల మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. ఆ ఎత్తులో సంకేతంలో ఎక్కువ భాగం నిటారుగా పైకి పోయి, అయనోస్ఫియర్ అనే పై వాతావరణ పొర నుంచి తిరిగి కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలో పడుతుంది. పగటి పూట తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక మిత్రులతో మాట్లాడడానికి కావలసింది అదే.

145 మెగాహెర్ట్‌జ్ దగ్గరి రెండు మీటర్ల బ్యాండు సంగతి వేరు. అక్కడ యాంటెన్నాకు చూపు ఎంత దూరం ఆనితే మాట దాదాపు అంత దూరమే పోతుంది. మీటర్లలో ఎత్తు యొక్క వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. 12 మీటర్ల ఎత్తుకు 14 కిలోమీటర్లు, 24 మీటర్లకు 20 కిలోమీటర్లు. అంటే మీ మేస్త్రీ చెప్పిన 80 అడుగులకు, దాదాపు రెండింతల ఎత్తుకు, మీకు దక్కే లాభం మరో 6 కిలోమీటర్లు. అందులోనూ కొంత రేడియో నుంచి యాంటెన్నాకు పోయే కేబుల్ మింగేస్తుంది. 145 మెగాహెర్ట్‌జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జి-58 కేబుల్‌లో పంపిన శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగా పోతాయి. లావుపాటి ఆర్‌జి-213 వాడితే సగం మిగులుతుంది. టవర్ మీద పెట్టే డబ్బులో కొంత కేబుల్ మీద పెట్టడం మేలని నేను అనేది అందుకే.

గాలి లెక్క కూడా చూడండి. భవనాల మీద గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం, ఐ.ఎస్. 875 మూడో భాగం, హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్ల వేగాన్ని ఆధారంగా తీసుకుంటుంది. ఆ వేగంలో ఒక చదరపు మీటరు మీద పడే ఒత్తిడి దాదాపు 118 కిలోల బరువుకు సమానం. గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. అర చదరపు మీటరు వైశాల్యం ఉన్న యాగీ యాంటెన్నాను (వరుసగా అడ్డ కడ్డీలు ఉండేది) స్తంభం కొన మీద పెట్టారంటే, గాలిదుమారం వేళ ఒక మనిషి ఆ కొనను పట్టుకుని పక్కకు వేలాడినట్లే.

నేను సిఫారసు చేసేది 12 మీటర్ల స్తంభం, అదీ కిందికి వాల్చగలిగేది. జి.ఐ. పైపులు 6 మీటర్ల పొడవున దొరుకుతాయి కనుక రెండు పైపులు సరిపోతాయి. మరలు తిప్పే సాకెట్‌తో మాత్రమే కలపకండి. మరలు కోసిన చోట పైపు గోడ పలుచనై అక్కడే విరుగుతుంది. లోపల ఇమిడే మరో పైపు ముక్కను రెండు వైపులా అర మీటరు చొప్పున దూర్చి బోల్టులు వేయించండి. గోడ పక్కన నేల మీద 60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 90 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, అందులో రెండు ఇనుప ఛానెళ్లను నిలబెట్టి కాంక్రీటు పోయించండి. ఆ దిమ్మె దాదాపు 780 కిలోలు తూగుతుంది. కనీసం రెండు వారాలు తడుపుతూ ఆరనిచ్చాకనే బరువు ఎక్కించాలి. స్తంభం ఆ ఛానెళ్ల మధ్య నిలుస్తుంది. పై బోల్టు ఇరుసులా పనిచేస్తే, కింది బోల్టు తాళంలా పనిచేస్తుంది. కింది బోల్టు తీసి, స్తంభాన్ని పక్కలకు లాగి పట్టే స్టే వైర్లను వదులు చేసి, ఇద్దరు ముగ్గురు మనుషులు తాడు పట్టుకుంటే స్తంభం నేలకు వాలుతుంది. ఎవరూ పైకి ఎక్కనవసరం లేదు.

స్తంభాన్ని పట్టి ఉంచడానికి మిద్దె మట్టంలో వేసే క్లాంపును ఇటుక గోడకు కాకుండా స్లాబు బీముకు వేయించండి. స్టే వైర్లు మూడు దిక్కులకు, 120 డిగ్రీల ఎడంలో ఉండాలి. పిట్టగోడకు మాత్రం కట్టకండి. అది పిల్లలు పడకుండా కట్టిన అరిటుక గోడ, లాగుడు భారానికి నిలవదు. వైరు కొసను మడిచి బిగించే క్లిప్పులు చోటుకు మూడు చొప్పున వేయాలి. క్లిప్పులో కుర్చీలా ఉండే భాగం భారం మోసే పొడవాటి తీగ వైపు, యు ఆకారపు బోల్టు పొట్టి కొస వైపు రావాలి. తిరగేసి వేస్తే బోల్టు అసలు తీగనే నలిపేస్తుంది. మన ఊళ్లలో పందిళ్లకూ బోర్డులకూ కట్టిన క్లిప్పులు నాకు తిరగబడే ఎక్కువగా కనిపించాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీ వీధిలోని కరెంటు తీగలు. స్తంభం ఏ వైపు పడినా, దాని పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఏ తీగా ఉండకూడదు. ఆ జాగా లేకపోతే స్తంభాన్ని కురచ చేయండి, లేదా మానుకోండి. లైసెన్సు పత్రంలో రాసిన చిరునామాలోనే స్టేషను ఉండాలన్న నిబంధనను కూడా మరవకండి. ఎత్తు విషయంలో కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగాన్ని, నిర్మాణం విషయంలో మీ మునిసిపాలిటీని రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి.

ప్రశ్న: మా ఇల్లు లతీఫ్ సాహెబ్ గుట్టకు దగ్గరలో ఉంది. ఎర్తింగు కోసం తవ్వితే మూడడుగులకే రాయి తగిలింది. పిడుగుల కాలంలో ఏం చేయాలి? బోరు కేసింగుకు ఎర్త్ కలపవచ్చునా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: కింద గట్టి రాయి, పైన పలుచని ఎర్ర చెలక నేల ఉన్నచోట లోతుకు పోలేము కాబట్టి అడ్డంగా పోవాలి. స్తంభం మొదలు నుంచి మూడు నాలుగు దిక్కులకు అర మీటరు లోతున కాలువలు తీసి, ఒక్కొక్క దానిలో 8, 10 మీటర్ల జి.ఐ. పట్టీని పరిచి మట్టి కప్పండి. వీలైన చోటల్లా పొట్టి రాడ్లు దిగగొట్టి పట్టీకి కలపండి. ఉప్పు, బొగ్గు వేసే పాత పద్ధతి పనిచేస్తుంది గాని ఉప్పు ఇనుమును తింటుంది. బెంటొనైట్ మట్టి తేమను పట్టి ఉంచుతుంది, లోహానికీ మంచిది. ఏప్రిల్ నుంచి వారానికి ఒకసారి నాలుగు బిందెల నీళ్లు పోయడం అలవాటు చేసుకోండి.

కేసింగు పి.వి.సి. అయితే అది ఎర్త్ కానే కాదు. ఇనుప కేసింగు అయినా, మోటారు దగ్గర మనుషులు చేతులు పెట్టే చోటు కనుక, దానిని స్తంభానికి ఏకైక ఎర్త్‌గా నేను ఒప్పుకోను.

చాలామంది తప్పేది మరొక చోట. స్తంభానికి వేరే ఎర్త్, ఇంటి మీటరుకు వేరే ఎర్త్ పెట్టి, రెండింటినీ విడిగా ఉంచితే భద్రమని అనుకుంటారు. పిడుగు దగ్గరలో పడినప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా పుడుతుంది. అది సమం కావడానికి దొరికే దారి మీ బల్ల మీది రేడియో. కాబట్టి రెండింటినీ లావుపాటి తీగతో కలిపి తీరాలి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట గ్యాస్ ట్యూబు అరెస్టరు (ఎక్కువ వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్లించేది) పెట్టి దానినీ అదే ఎర్త్‌కు చేర్చండి. ఎర్త్ తీగలో పదునైన మలుపులు ఉండకూడదు.

ఇవన్నీ చేసినా నేరుగా పడే పిడుగుకు హామీ లేదు. మొగులు కమ్మకముందే కేబుల్ ఊడదీసి, దాని కొసను కిటికీ అవతల ఉంచండి. బల్ల మీద వదిలితే ఊడదీయనట్లే. మెరుపు తర్వాత 30 సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉందని అర్థం. అప్పుడు కేబుల్‌ను ముట్టుకోవద్దు, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

ప్రశ్న: మా వారు పెట్టిన యాంటెన్నా సెల్ టవర్ లాంటిదేనని, రోగాలు వస్తాయని వాడకట్టులో గొడవ చేస్తున్నారు. పైగా కోతులు తీగలు పట్టుకుని ఊగుతున్నాయి.
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: అమ్మా, సెల్ టవర్ రాత్రింబగళ్లు ప్రసారం చేస్తుంది, మీ వారి రేడియో ఆయన మాట్లాడినంత సేపే చేస్తుంది, మిగతా సమయమంతా వింటుంది. ఈ తరంగాలు ఎక్స్‌రేల వలె కణాలలోని అణువులను చీల్చేవి కావు. అయితే ప్రసారం జరుగుతున్నప్పుడు తీగ కొసల దగ్గర వోల్టేజి ఎక్కువ, ముట్టుకుంటే కాలుతుంది. కనుక కొసలు ఎవరి చేతికీ అందకుండా, మనిషి నిలబడే చోటుకు 3 మీటర్ల పైన ఉండాలి. మాటలతో వాదించే బదులు, గొడవ చేస్తున్నవారిని ఒక ఆదివారం చాయ్‌కి పిలిచి, రేడియోలో వస్తున్న మాటలు వినిపించమనండి.

కోతుల విషయంలో నా దగ్గర గొప్ప ఉపాయం లేదు. పలుచని రాగి తీగకు బదులు ఉక్కు నడుము ఉన్న తీగ వాడి, తీగ కొసను నేరుగా కట్టకుండా కప్పీ మీదుగా తెచ్చి చిన్న ఇసుక మూట వేలాడదీస్తే, కోతి ఊగినప్పుడు మూట లేచి దిగుతుంది, తీగ తెగదు. కేబుల్‌ను మాత్రం పైపులో నుంచే తీసుకురండి. వాటికి నల్ల తొడుగు కొరకడం ఎందుకో చాలా ఇష్టం.

ప్రశ్న: వానలు పడ్డాక ఎస్.డబ్ల్యూ.ఆర్. (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తున్నదో చూపే అంకె) 1.3 నుంచి 2.5కు పెరిగి, ఎండ కాయగానే తగ్గుతున్నది. ఏటా ఏమేమి చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: తడికి పెరిగి ఎండకు తగ్గుతున్నదంటే కేబుల్ యాంటెన్నాకు కలిసే పై కనెక్టరులో నీరు చేరుతున్నది. పి.ఎల్.-259 కనెక్టరు నీటిని ఆపేది కాదు. దానిని విప్పి చూడండి. లోపల పచ్చటి పొడి కనిపిస్తే శుభ్రం చేయడం వృథా, ఒక అడుగు కేబుల్ కోసి కొత్త కనెక్టరు వేయండి. తర్వాత తనంతట తానే అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి, పెంకుల కప్పులా ఒకదాని మీద ఒకటి వచ్చేటట్లు చుట్టి, దాని మీద మామూలు టేపు వేయండి. కేబుల్ ఇంట్లోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిరగాలి; నీళ్లు ఆ వంపులో జారిపోతాయి.

మీటరును గుడ్డిగా నమ్మవద్దు. కేబుల్ లోపలంతా తడిస్తే, తిరిగి రావలసిన శక్తి దారిలోనే ఆవిరై, మీటరు 1.2 అని ముద్దుగా చూపిస్తుంది. అందుకే యాంటెన్నా తీసి, ఆ కొసకు 50 ఓముల డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు శక్తిని వేడిగా మార్చే రెసిస్టరు) పెట్టి, రెండు కొసల దగ్గరా వాట్లు కొలవండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మూడు నాలుగు వేసవులు చూసిన కేబుల్ తొడుగు పగలడంలో వింత లేదు. ఉగాదికి ఒకసారి, మృగశిరకు ముందు ఒకసారి స్తంభం వాల్చి, స్టే వైర్లను బిగించే టర్న్‌బకిళ్లకు గ్రీజు పెట్టి, అవి వాటంతట అవి తిరగకుండా వేసిన కట్టు తీగ ఉన్నదో లేదో చూడండి. తుప్పు చుక్కలను గీకి జింకు పెయింటు వేయండి. పైపు అడుగున నీరు పోయే రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, ఒక చీపురు పుల్లతో పొడవండి. నిరుడు నాది కందిరీగలు మట్టితో మూసేస్తే, పైపులో మోకాలెత్తు నీరు నిలిచింది.