సంక్రాంతి పిండివంటలకు ఏ నూనె వాడితే మంచిది?

జంతికలు, సకినాలు, అరిసెలకు వేరుశనగ నూనె గానీ తవుడు నూనె గానీ వాడండి. రెండూ వేడిని బాగా తట్టుకుంటాయి, సంతృప్త కొవ్వు (చెడు కొలెస్ట్రాల్ పెంచే కొవ్వు) సుమారు ఐదో వంతే. పామాయిల్‌లో అది దాదాపు సగం. పండక్కి ఒకసారైతే ఫర్వాలేదు, రోజువారీ కూరలకూ అదే అయితేనే టెన్షన్.

డాల్డా, అంటే వనస్పతి, వేస్తే గుల్లగా వస్తాయంటారు, నిజమే. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు బాగా చేటు చేసే కొవ్వు) 2 శాతం మించకూడదు కాబట్టి వనస్పతి మునుపటంత చెడ్డది కాదు. సంతృప్త కొవ్వు మాత్రం ఎక్కువే. పిండిలో కాస్త కాచిన నూనె పోసి కలిపినా గుల్లగానే వస్తాయి.

ఏ నూనైనా పొగలు వచ్చేదాకా కాచకండి. చిటికెడు పిండి వేస్తే బుడగలతో పైకి తేలాలి, వెంటనే మాడిపోతే మంట తగ్గించండి. నూనె సరిగా కాగకపోయినా చిక్కే, జంతికలు నూనె పీల్చేస్తాయి. అరిసెను మూకుడులోంచి తీయగానే రెండు గరిటెల మధ్య గట్టిగా నొక్కండి, ఎంత నూనె కారుతుందో మీరే చూస్తారు.

మిగిలిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయండి. నల్లబడినా, నురగ కట్టినా పారేయడమే. అందులో కొత్త నూనె కలిపి మళ్లీ మూకుడు పెట్టొద్దు.