కంప్యూటర్ పూర్తిగా తెరుచుకోకముందే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే ఏం చేయాలి?

ముందు గమనించవలసింది ఒక్కటే: ఏ దశలో రీస్టార్ట్ అవుతోంది? విండోస్ గుర్తు కనిపించకముందే అయితే తప్పు చాలావరకు హార్డ్‌వేర్‌దే. ర్యామ్ (తాత్కాలిక మెమరీ పలక) వదులై ఉండవచ్చు, పవర్ సప్లై బలహీనపడి ఉండవచ్చు, ప్రాసెసర్ ఫ్యాన్ ఆగిపోయి ఉండవచ్చు. నొక్కుకుపోయి పైకి రాని పవర్ బటన్ కూడా ఇదే పని చేస్తుంది, దాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు! ప్లగ్ తీసేసి, ర్యామ్‌ను బయటికి తీసి గట్టిగా అమర్చి చూడండి. పవర్ సప్లై డబ్బాను విప్పవద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

గుర్తు కనిపించాక రీస్టార్ట్ అవుతుంటే డ్రైవర్‌నో (ఏదైనా పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్), కొత్త అప్‌డేట్‌నో అనుమానించాలి. ఇక్కడ అసలు చిక్కేమిటంటే, లోపం తలెత్తగానే విండోస్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, అప్పుడు వచ్చే నీలి తెర మీది లోపం సందేశం చదివే వ్యవధి మనకు దొరకదు. విండోస్ 10, 11లలో ప్రారంభం వరుసగా కొన్నిసార్లు విఫలమైతే రికవరీ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వరకు వెళ్లి రీస్టార్ట్ నొక్కండి. తర్వాత వచ్చే పట్టికలో 9 ఎంచుకుంటే ఆ ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆగుతుంది. ఎర్రర్ కోడ్‌ను ఫోనుతో ఫొటో తీసుకోండి. 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే కనీస డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరుచుకుంటుంది. అందులో సజావుగా నడిస్తే ఇటీవల చేర్చిన డ్రైవర్‌ను తొలగించండి.