సేఫ్‌గార్డ్ ఫైలు చేతికొచ్చిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ మెయిల్ రాత్రి చూశాను. కొత్త సెక్షన్‌లో చేరి నెల తిరక్కుండానే సేఫ్‌గార్డ్ దరఖాస్తు, అంటే దిగుమతులు వెల్లువెత్తి దేశీయ పరిశ్రమ దెబ్బతింటోంది, కొన్నాళ్లు అడ్డుకట్ట వేయమన్న అర్జీ, నీ బల్ల మీదికి వచ్చిందన్నమాట. దిగుమతి అవుతున్నది వంటనూనె. అర్జీ పెట్టింది నూనె మిల్లులు. గోడు వెళ్లబోసుకుంటున్నది మాత్రం గింజలు పండించే రైతులు. పైవాళ్లేమో వెంటనే సుంకం వేసేయమంటున్నారు. టెన్షన్‌గా ఉందన్నావు. ఉండదా మరి! పాతికేళ్లు ఇవే ఫైళ్లు మోసినవాణ్ని కాబట్టి, నీ కుర్చీలో నేనుంటే ఏం చేసేవాణ్నో రాస్తున్నాను.

ముందు ఆ దరఖాస్తు మూసి పక్కన పెట్టు. ప్రపంచ వాణిజ్య సంస్థలో దేశం ఒప్పుకున్న సుంకాల షెడ్యూలు తెరిచి, ఈ నూనె కోడ్ ఎదురుగా బౌండ్ రేటు, అంటే ఇంతకు మించి వేయమని మాటిచ్చిన గరిష్ఠ సుంకం, ఎంతుందో చూడు. ఇప్పుడు వసూలు చేస్తున్న సుంకం అంతకంటే తక్కువైతే, ఆ తేడా మేరకు పెంచుకోవడానికి దర్యాప్తూ అక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. వ్యవసాయ సరుకుల్లో చాలా దేశాలకు ఈ తేడా బాగానే ఉంటుంది. సరుకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న దేశం నుంచి వస్తుంటే మాత్రం ఆ ఒప్పందంలోని రేటు వేరు, అదీ చూసుకో. నా సర్వీసులో రెండుసార్లు, నెలల తరబడి దర్యాప్తు నడిచాక ఎవరో ఈ సంగతి గుర్తు చేశారు. ఒకసారి ఆ 'ఎవరో' ఎదుటి పక్షం లాయరు. ఆ రోజు మేమెవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

అదే వరసలో 'ఎస్ఎస్‌జీ' అన్న గుర్తు ఉందేమో కూడా చూడు. ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం 5వ అధికరణం కింద ఇచ్చిన ప్రత్యేక సేఫ్‌గార్డ్ అది. ఆ సంస్థ పుట్టుకకు దారితీసిన ఉరుగ్వే రౌండ్ చర్చల్లో కోటాల్లాంటి ఆంక్షలు తీసేసి వాటిని సుంకాలుగా మార్చుకున్న సరుకులకే, అదీ షెడ్యూలులో ఆ గుర్తు పెట్టుకున్న 39 సభ్యులకే ఆ హక్కు దక్కింది. ఉంటే అదృష్టమే. పరిశ్రమకు నష్టం జరిగిందని రుజువు చేయక్కర్లేదు, ఎదుటి దేశానికి పరిహారమూ ఇవ్వక్కర్లేదు. దిగుమతుల పరిమాణం ఒక మోతాదు దాటినా, ధర 1986-88 నాటి సగటు ఆధారంగా కట్టిన హద్దు కంటే పడిపోయినా అదనపు సుంకం వేయవచ్చు. రెండూ ఒకేసారి కుదరదు. పరిమాణం లెక్కన వేస్తే మామూలు సుంకంలో మూడో వంతు మించకూడదు, ఆ ఏడాది చివరితో సరి. ఆ గుర్తు లేని దేశాలు ఇలాంటి వెసులుబాటే తమకూ కావాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాయి. దిగుమతులు ఎంత పెరిగితే దాన్ని వాడుకోవచ్చన్న లెక్క దగ్గర భారత్, చైనా ఒకవైపు, అమెరికా మరోవైపు నిలబడి 2008 జూలైలో జెనీవా చర్చలు కుప్పకూలాయి. చర్చలు కొనసాగిద్దామని 2015లో నైరోబీలో నిర్ణయించారు. అవి ఇంకా కొనసాగుతూనే ఉన్నాయి!

ఈ రెండు దారులూ మూసుకుపోయాకే అసలు సేఫ్‌గార్డ్ సంగతి. గాట్ (సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం) 19వ అధికరణం, 1995లో అమల్లోకి వచ్చిన సేఫ్‌గార్డుల ఒప్పందం, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. యాంటీ డంపింగ్‌లో ఎదుటివాడు తక్కువ ధరకు తెచ్చి కుమ్మరించాడని చూపిస్తాం. ఇక్కడ ఎదుటివాడు ఏ తప్పూ చేయలేదు. వాడి సరుకు వాడు న్యాయంగానే అమ్ముకుంటున్నాడు, మనమే తట్టుకోలేకపోతున్నాం. అందుకే ఇక్కడ మామూలు నష్టం చాలదు, తీవ్రమైన నష్టం చూపించాలి.

ఎవరి నష్టం? నీ ఫైలు బతికేదీ చచ్చేదీ ఈ ప్రశ్న దగ్గరే. అమెరికా 1999లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుంచి వచ్చే గొర్రెపిల్ల మాంసం మీద మూడేళ్లకు సుంకంతో కూడిన కోటా పెట్టింది. పరిశ్రమ అంటే మాంసం తయారుచేసేవాళ్లు మాత్రమే కాదు, గొర్రెపిల్లల్ని పెంచేవాళ్లు, మేపి బలిపించేవాళ్లు కూడా అని లెక్క వేసింది. పిల్లే కదా చివరికి మాంసమయ్యేది, అంతా ఒకే గొలుసు, అందరి లాభనష్టాలూ ఒకటే అని వాదించింది. 2001 మే నెలలో ప్రపంచ వాణిజ్య సంస్థలో వివాదాల మీద అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ కాదంది. దిగుమతి అయ్యేది మాంసం, కాబట్టి మాంసం తయారుచేసేవాళ్లే పరిశ్రమ అంది. బతికున్న గొర్రె మాంసానికి పోటీ సరుకని అమెరికా దర్యాప్తు సంస్థే తేల్చలేదాయె. ఆ నవంబరులో అమెరికా ఆ చర్య ఎత్తేసింది.

నీ ఫైల్లో గింజకూ నూనెకూ ఉన్న సంబంధం అచ్చం ఇదే. రైతు కష్టం నిజమే, కానీ అది నూనె పరిశ్రమ నష్టం కింద రాయకు. రాశావంటే మిల్లుల కేసు కూడా దాంతోపాటే మునుగుతుంది. గింజల ధర పడిపోవడాన్ని మార్కెట్ పరిస్థితి చెప్పేచోట చెప్పు. నష్టం పట్టికలో మాత్రం మిల్లుల లెక్కలే ఉండాలి. రైతు ప్రతినిధులు వస్తే ఈ మాట మొహం మీదే చెప్పు. 'చూస్తాం' అని పంపేయకు. వాళ్లకు పనికొచ్చేది బౌండ్ రేటు వరకు సుంకం పెంచడమో, మద్దతు ధరో. అది వేరే బల్ల. అక్కడికి వెళ్లమని చెప్పడమే వాళ్లకు చేసే సాయం.

మిల్లుల దగ్గరా ఒక మెలిక ఉంటుంది. వాటిలో ఎన్ని స్వయంగా ముడినూనె దిగుమతి చేసుకుని శుద్ధి చేసి అమ్ముతున్నాయో అడుగు. ఒక చేత్తో దిగుమతి చేస్తూ ఇంకో చేత్తో దిగుమతుల మీద ఫిర్యాదు రాసినవాళ్లను నేను చూశాను. ముడినూనె మీద వద్దు, శుద్ధి చేసిన నూనె మీదే సుంకం కావాలంటారు. అలా అడగడం నేరం కాదు గానీ, అప్పుడు గింజ ఆడించే మిల్లుకూ శుద్ధి చేసే ఫ్యాక్టరీకీ లాభం ఒకటి కాదని నువ్వు గుర్తించాలి.

దిగుమతులు పెరిగాయా అన్నది తేలికనిపిస్తుంది. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఐదేళ్ల పట్టికలో మొదటి ఏడాదినీ చివరి ఏడాదినీ పోల్చి 'దాదాపు రెట్టింపు' అని రాశాను. నాలుగో ఏట ఆకాశానికి వెళ్లి ఐదో ఏట తగ్గాయన్న ముక్క పట్టికలో ఉంది, నా వాక్యంలో లేదు. విచారణలో ఎదుటి పక్షం ఆ ఒక్క గడి చూపించి కూర్చుంది. అర్జెంటీనా పాదరక్షల కేసులో 1999లోనే అప్పిలేట్ బాడీ చెప్పింది: పెరుగుదల తాజాగా, హఠాత్తుగా, తీవ్రంగా, గణనీయంగా ఉండాలని. కాబట్టి ఏడాదివారీగా కాదు, మూడు నెలల లెక్కలు తీయి. వ్యవసాయ సరుకులకు సీజను ఉంటుంది కనుక ఏ త్రైమాసికాన్నైనా నిరుటి అదే త్రైమాసికంతోనే పోల్చు.

'ఊహించని పరిణామాలు' అన్న మాట సేఫ్‌గార్డుల ఒప్పందంలో కనబడదు, గాట్ 19లోనే ఉంది. ఒప్పందంలో లేదు కదా అని వదిలేసినవాళ్లంతా ఓడిపోయారు. కొరియా పాల ఉత్పత్తుల కేసుతోనే అది తప్పనిసరి అని తేలిపోయింది. 1951లో ఆడవాళ్ల ఫెల్ట్ టోపీల గొడవ ఒకటి నడిచింది, చెకోస్లొవాకియా అమెరికా మీద ఫిర్యాదు చేసింది. ఫ్యాషన్ మారడం ఎవరైనా ఊహించేదే, కానీ అంత ఇదిగా మారుతుందని ఊహించలేం కదా అని అమెరికాను సమర్థించారు. ఇప్పుడంత ఉదారంగా చూడరు. ఏం జరిగింది, సుంకం తగ్గించడానికి ఒప్పుకున్నప్పుడు అది ఎందుకు ఊహకందలేదు, దానివల్లే ఈ సరుకు ఇటు ఎలా మళ్లింది, ఈ మూడూ నివేదికలోనే ఉండాలి. నివేదిక అచ్చయ్యాక లాయరు వచ్చి చెబితే చెల్లదు. 'ప్రపంచ మార్కెట్‌లో ఒడిదొడుకులు' అని ఒక్క వాక్యం రాసి వదలకు. దానికంటే ఆ పేజీ ఖాళీగా ఉంచడం మేలు.

కారణాల అధ్యాయానికి వారం రోజులు కేటాయించు. వ్యవసాయంలో నష్టానికి దిగుమతి ఒక్కటే కారణమైన సందర్భం నేను చూడలేదు. వర్షం లేక గింజ దొరకదు, మిల్లు సగం సామర్థ్యంతో నడుస్తుంది. అవసరానికి మించి మిల్లులు కట్టేస్తారు. జనం ఒక నూనె మానేసి ఇంకో నూనెకు మారతారు. వీటి వల్ల కలిగిన నష్టాన్ని విడదీసి, దిగుమతుల ఖాతాలో పడకుండా చూడాలి. గొర్రెపిల్ల మాంసం కేసులోనే చూడు, ఉన్ని చట్టం కింద రైతులకు అందే చెల్లింపులు ఆగిపోవడం అప్పటికే ఆ రంగాన్ని దెబ్బతీసింది. దాన్ని విడదీసి చూపించలేకపోయారు. 'ఇతర కారణాలు స్వల్పం' అని రాయాలనిపించినప్పుడల్లా, ఎంత స్వల్పమో అంకెలో చెప్పగలనా అని నిన్ను నువ్వే అడుగు.

చర్య ఏ రూపంలో ఉండాలంటే, నా ఓటు సుంకానికే. కోటా పెడితే లైసెన్సుల కోసం పైరవీలు మొదలవుతాయి, పైగా గడిచిన మూడేళ్ల సగటు కంటే తగ్గిస్తే ప్రత్యేకంగా కారణం చూపించాలి. మామూలుగా నాలుగేళ్లు, పొడిగించుకున్నా మొత్తం ఎనిమిది, వర్ధమాన దేశమైతే పది. ఏడాది దాటితే మెట్లుమెట్లుగా తగ్గించాలి. 2017లో చైనా పంచదార మీద కోటా దాటిన దిగుమతులకు మొదటి ఏడాది 45 శాతం, తర్వాత 40, ఆ తర్వాత 35 శాతం అదనంగా వేసింది. మీవాళ్లు తొందరపడుతున్న తాత్కాలిక సుంకానికి 200 రోజులే గడువు. చివరికి కేసు నిలబడకపోతే వసూలు చేసిందంతా వాపసు ఇవ్వాలి. ఆ ఒక్క ముక్క పైవాళ్లకు నోట్‌లో రాసి పెట్టు, తొందర దానంతటదే తగ్గుతుంది.

దర్యాప్తు మొదలైన వెంటనే జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేయాలి. గోధుమ గ్లూటెన్ కేసులో అమెరికా 16 రోజులు ఆలస్యం చేస్తే 'వెంటనే' అంటే ఇది కాదన్నారు. దిగుమతుల్లో 3 శాతం మించని వర్ధమాన దేశాన్ని మినహాయించాలి, అలాంటి దేశాలన్నీ కలిపి 9 శాతం దాటనంత వరకు. ఇంకా ఎవరినైనా వదిలేయాలనుకుంటే వాళ్ల దిగుమతులు తీసేసి కూడా నష్టం చూపించగలగాలి. గ్లూటెన్ కేసులో కెనడాను లెక్కలో కలిపి, కోటా దగ్గర వదిలేసి దొరికిపోయారు.

అప్పిలేట్ బాడీ 2019 డిసెంబరు నుంచి మూలనపడింది కదా, ఇంత చాదస్తం ఎందుకని మీ సెక్షన్‌లోనే ఎవరో అంటారు. వాళ్లకు జపాన్ కథ చెప్పు. 2001 ఏప్రిల్‌లో ఉల్లికాడలు, షిటాకే పుట్టగొడుగులు, చాపలు అల్లే తుంగ మీద జపాన్ 200 రోజుల తాత్కాలిక సేఫ్‌గార్డ్ పెట్టింది. అవన్నీ ఎక్కువగా చైనా నుంచే వచ్చేవి. చైనా అప్పటికింకా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరనే లేదు. జూన్‌లో చైనా బదులుగా జపాన్ నుంచి వచ్చే కార్లు, మొబైల్ ఫోన్లు, ఏసీల మీద 100 శాతం అదనపు సుంకం వేసింది. డిసెంబరులో రాజీ కుదిరింది, జపాన్ పూర్తిస్థాయి సేఫ్‌గార్డ్ మాట ఎత్తలేదు. పుట్టగొడుగుల ఫైలు రాసిన ఉద్యోగి కార్ల గురించి ఆలోచించి ఉంటాడంటావా? నువ్వు ఆలోచించు. ఆ నూనె అమ్ముతున్న దేశం మన దగ్గర ఏం కొంటోందో ఒక కాగితం మీద రాసి ఫైలుకు జతచెయ్యి.

ఇప్పటికి నష్టం అధ్యాయం జోలికి వెళ్లకు. బౌండ్ రేటు, త్రైమాసిక దిగుమతులు, దిగుమతి చేసుకునే మిల్లుల జాబితా, ఈ మూడూ శనివారంలోగా పంపు. రహస్యంగా ఉంచమన్న లెక్కలు నాకు వద్దు, బయటికి ఇచ్చే ప్రతే పంపు. ఆదివారం కూర్చుని చూద్దాం. నిద్ర మానుకోకమ్మా, పిన్ని అదే చెప్పమంది.

ఇట్లు,
బాబాయి