కుందేలు కనబడుతోంది, పెల్లెట్ మాత్రం తగలడం లేదు

పగలు వాడే స్కోపుకే రాత్రిళ్లు తగిలించుకునే నైట్ విజన్ పరికరాల మీద ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. ఎక్కువ భాగం బ్రిటన్ నుంచి. అక్కడ పచ్చికబయళ్లు తవ్వేసే కుందేళ్లను, గుర్రపు శాలల్లో ఎలుకలను రాత్రిపూట పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) పేల్చే ఎయిర్ రైఫిల్‌తో కొట్టడం మామూలే. టెక్సస్ నుంచి ఒకటి, మన నల్గొండ నుంచి ఒకటి వచ్చాయి. చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంది కాబట్టి ఎవరి జవాబు వారిదే. ఒకరి జవాబు చూసి ఇంకొకరు బయలుదేరకండి.

ప్రశ్న: నాది .22 పీసీపీ (ముందే గాలి నింపి ఉంచే) ఎయిర్ రైఫిల్, శక్తి 12 ఫుట్-పౌండ్ల లోపు. 3-12×44 స్కోపు (3 నుంచి 12 రెట్లు పెద్దది చేసి చూపేది) వెనక డిజిటల్ నైట్ విజన్ తగిలించాను. పగలు 30 గజాల్లో రూపాయి బిళ్లని కొడుతుంది. రాత్రి తెర మీద కుందేలు మీసాలు కూడా కనబడతాయి, కానీ మూడింట రెండు దెబ్బలు పైనుంచో కిందనుంచో పోతున్నాయి. పరికరం జీరోని (గురి పెట్టిన చోటే పెల్లెట్ తగిలేలా చేసుకున్న సర్దుబాటుని) కదిలిస్తోందా? — లింకన్‌షైర్

జవాబు: స్కోపు వెనక తగిలించే పరికరం జీరోని కదిలించదు. గురిగీతలు, వాటిని జరిపే మరలు అన్నీ దానికి ముందే, స్కోపులోనే ఉంటాయి. ఈ పరికరం ఆ గీతల్నీ బొమ్మనీ కలిపి ఫొటో తీసి తెర మీద చూపిస్తుంది, అంతే. దెబ్బలు పక్కలకి కాకుండా పైకీ కిందికీ పోతున్నాయంటే మొదట అనుమానించాల్సింది దూరాన్ని.

మీ రైఫిల్‌లో 16 గ్రెయిన్ల (సుమారు ఒక గ్రాము) పెల్లెట్ సెకనుకి సుమారు 570 అడుగుల వేగంతో బయటికొస్తుంది. 30 గజాలకి జీరో చేస్తే, 20 గజాల దగ్గర అర అంగుళం కంటే కాస్త ఎక్కువ పైన, 40 గజాల దగ్గర సుమారు 2 అంగుళాలు కింద తగులుతుంది. కుందేలు తలలో కన్నుకీ చెవికీ మధ్య మనం కొట్టాల్సిన చోటు ఒక అంగుళం. అంటే 40 గజాల్ని 30 అనుకుంటే పెల్లెట్ దవడ కిందనుంచి పోతుంది, లేదా మెడకి తగిలి గాయపడ్డ జంతువు బొరియలోకి దూరుతుంది. రెండోది మరీ పాపం. తెర మీద చెట్లు, కంచె, నేల అన్నీ ఒకే చదును బూడిద రంగులో ఉంటాయి. పగలు కంటికి తెలిసే లోతు అక్కడ తెలియదు.

ఇంకో మోసం కూడా ఉంది. పగలు చాలామంది స్కోపు పక్క ఫోకస్ చక్రం మీది అంకెలు చూసి దూరం లెక్కేస్తారు. రాత్రి వాడే ఐఆర్ (కంటికి కనబడని పరారుణ) వెలుగులో ఆ అంకెలు చెల్లవు. అద్దాలు కంటికి కనిపించే వెలుగు కోసం చేసినవి. 850 నానోమీటర్ల కిరణం వాటిలోంచి ఇంకో చోట కేంద్రీకరిస్తుంది. అందుకే రాత్రి బొమ్మ స్పష్టమయ్యే చోట చక్రం వేరే అంకె చూపిస్తుంది.

చేయాల్సింది ఇది. పగలే వెళ్లి, మీరు కూర్చునే చోటు నుంచి 20, 30, 35 గజాల దగ్గర తెల్లటి వెదురు పుల్లలు గుచ్చి రండి. లేజర్ రేంజ్‌ఫైండర్ ఉంటే దానితో కొలవండి; లేకపోతే టేపు పెట్టి కొలవండి, అడుగులేసి కాదు. ఆ పుల్లలు రాత్రి ఐఆర్‌లో తెల్లగా మెరుస్తాయి. 35 పుల్ల దాటిన కుందేలుని వదిలేయండి, అది దగ్గరికొస్తుంది. తర్వాత రాత్రిపూటే, అదే పరికరంతో, అదే ఫోకస్‌తో 20, 30, 35 దూరాల్లో కాగితం మీద ఐదేసి పెల్లెట్లు కొట్టి ఎక్కడ తగులుతున్నాయో రాసి స్టాక్ (భుజానికి ఆనే భాగం) మీద అతికించుకోండి.

ఇవన్నీ చేశాక కూడా దెబ్బలు తప్పుతుంటే అప్పుడు పారలాక్స్ (చూసే చోటు జరిగితే గురిగీత కూడా గురి మీంచి జరిగినట్టు కనబడటం) సంగతి చూడాలి. రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, 30 గజాల కాగితం మీద గురి పెట్టండి. పరికరాన్ని వేలితో కొంచెం పైకీ పక్కకీ నొక్కండి. తెర మీద గురిగీత కాగితం మీది చుక్క నుంచి జరుగుతోందా? జరిగితే, కాలర్ (పరికరాన్ని స్కోపుకి బిగించే రింగు) వదులుగా కూర్చున్న ప్రతిసారీ మీ దెబ్బ అంత జరుగుతుందన్నమాట. గీత జరగడం ఆగేవరకూ పక్క ఫోకస్ తిప్పండి. సాధారణంగా బొమ్మ మరీ స్పష్టంగా ఉన్న చోటే అది ఆగుతుంది. ఫోకస్ చక్రం లేకుండా 100 గజాలకి బిగించి వచ్చే స్కోపుల్లో ఈ సర్దుబాటు కుదరదు; 30 గజాల ఎయిర్ రైఫిల్ పనికి అలాంటి స్కోపు వెనక ఈ పరికరం పెట్టడమే దండగ.

ప్రశ్న: నా స్కోపు ఐపీస్ (కన్ను పెట్టే చివర) బయటి కొలత 42.5 మిల్లీమీటర్లు, పరికరంతో వచ్చిన కాలర్ లోపలి కొలత 45. లోపల అట్టముక్క పెట్టాను, అయినా ఊగుతోంది. బిగించిన ప్రతిసారీ గీతలు మసకబారుతున్నాయి. — నార్‌ఫోక్

జవాబు: అట్టముక్క తీసి పారేయండి. అది ఒక పక్కకే తోస్తుంది, కాలర్ వంకరగా కూర్చుంటుంది. కరెంటు పనివాళ్లు వాడే పీవీసీ టేపు మందం సుమారు 0.13 మిల్లీమీటర్లు. ఒక చుట్టు చుడితే కొలత 0.26 పెరుగుతుంది. 2.5 మిల్లీమీటర్ల ఖాళీకి తొమ్మిది చుట్లు. చివరి చుట్టు దగ్గర కాలర్ కాస్త బిగువుగా, చేత్తో తోస్తే ఎక్కేలా ఉండాలి. టేపుని లాగి చుట్టకండి. లాగితే రెండ్రోజులకి అంచుల నుంచి జిగురు కారి, కాలర్ జారుతుంది.

గీతలు మసకబారడానికి కారణం వేరు. మీది ఐపీస్ చివరి రింగు తిప్పితే ఫోకస్ మారే రకం అయివుంటుంది. కాలర్ ఆ తిరిగే రింగు మీదే బిగిసింది. పరికరాన్ని మెలితిప్పి లాక్ చేసేటప్పుడు రింగు కూడా దాంతోపాటు తిరుగుతోంది. ముందు పగలు, పరికరం లేకుండా, ఖాళీ ఆకాశం వైపు చూస్తూ గీతలు నల్లగా తేటగా కనిపించేవరకు రింగు తిప్పండి. తర్వాత రింగుకీ స్కోపు ఒంటికీ మధ్య ఉన్న సందు మీదుగా ఒక చుట్టు టేపు వేసి దాన్ని కట్టేయండి. ఆపైన కాలర్. రాత్రి వరుస ఎప్పుడూ ఒకటే: మొదట పరికరం మీది ఫోకస్‌తో గురిగీతల్ని తేటపరచాలి, తర్వాత స్కోపు పక్క చక్రంతో కుందేల్ని. తిరగేసి చేస్తే రెండూ సగం సగమే వస్తాయి, అరగంట తిప్పుతూ కూర్చోవాలి.

మీరు అడగలేదు గానీ, కాలర్ బిగించాక మాగ్నిఫికేషన్ రింగు పూర్తిగా తిరుగుతోందో లేదో చూసుకోండి. స్కోపుని 3 లేక 4 దగ్గరే ఉంచండి. తెర సొంతంగా బొమ్మని పెద్దది చేస్తుంది కాబట్టి 12 దగ్గర పెడితే చీకటి, గింజలు గింజలుగా విడిపోయిన బొమ్మ, ఊపు తప్ప ఏమీ మిగలదు. పరికరం పొడవు వల్ల తల వెనక్కి జరుగుతుంది. చెంప స్టాక్ మీద ఆనకపోతే, స్కోపుని మౌంట్లలో ముందుకు జరిపి మళ్లీ జీరో చేయండి.

ప్రశ్న: తెర మధ్యలో పాలు ఒలికినట్టు తెల్లగా వస్తోంది. కొత్త పరికరమే. పాడైందా? — హెర్‌ఫోర్డ్‌షైర్

జవాబు: పాడవలేదు. ఐఆర్ టార్చి వెలుగు దగ్గర్లోనే దేనికో తగిలి తిరిగొస్తోంది. ఒక పెద్ద నల్లటి బట్టతో సైలెన్సర్‌ని కప్పి చూడండి. తెలుపు పోతే దోషి అదే. పోకపోతే బైపాడ్ కాళ్లు, ముందు అద్దానికి బిగించిన గొట్టం అంచు, మీరు ఆనుకున్న గేటు కమ్మీ, ఒక్కొక్కటీ కప్పి చూడండి. టార్చిని స్కోపు పక్కనో పైనో వీలైనంత ముందుకి తీసుకెళ్లి, మెరిసే చోట మాట్ నల్లటి బట్ట టేపు అతికిస్తే సరిపోతుంది. ముఖానికి అర గజం దూరంలో ఉన్న ఒక్క గడ్డిపోచ చాలు, తెరంతా తెల్లబారడానికి. పడుకుని కొట్టేవాళ్లకి ఈ బాధ ఎక్కువ.

పొగమంచు పట్టిన రాత్రి ఇవన్నీ చేసినా లాభం లేదు. టార్చి వెలుగుని పెంచేకొద్దీ మంచు తెల్లగోడలా నిలబడుతుంది. వెలుగు తగ్గించి, దగ్గర దూరాలకే పరిమితం కండి, లేదా ఇంటికెళ్లి పడుకోండి.

ప్రశ్న: వెనక తగిలించేది కొనాలా, ముందు తగిలించేదా? థర్మల్ (ఒంటి వేడిని బొమ్మగా చూపే) అటాచ్‌మెంట్ వెనక పెట్టుకునేది దొరుకుతుందా? — బర్మింగ్‌హామ్

జవాబు: రెండో ప్రశ్నకి జవాబు తేలిక: దొరకదు, దొరకడం సాధ్యం కాదు. థర్మల్ చూసే వేడి కిరణాలు మామూలు గాజులోంచి పోవు. స్కోపు వెనక థర్మల్ పెడితే స్కోపు అద్దం వేడిమి తప్ప ఇంకేం కనబడదు. అందుకే థర్మల్ అటాచ్‌మెంట్ ఎప్పుడూ స్కోపు ముందే ఉంటుంది. తన తెర మీది బొమ్మని స్కోపుకి చూపిస్తుంది.

ముందు తగిలించేవి జీరోని కదిలించగలవు, ఎందుకంటే స్కోపు చూసేది అసలు కుందేల్ని కాదు, ఆ పరికరం చూపే బొమ్మని. ఆ బొమ్మ ఒక వెంట్రుకవాసి వంకరగా వచ్చినా గురి జరుగుతుంది. ధర కూడా ఎక్కువ. కుందేళ్లకి, ఎలుకలకి పార్డ్ ఎన్‌వీ007 లాంటి వెనక రకమే చాలు. డబ్బు మిగిలితే చేతిలో పట్టుకునే చిన్న థర్మల్ కొనండి. వెతకడానికి అది, గుర్తుపట్టి కొట్టడానికి ఇది. థర్మల్‌లో కుందేలూ పిల్లీ వెచ్చటి ముద్దలే. మధ్యలో ఉన్న తీగ, కొమ్మ కనబడవు. నైట్ విజన్‌లో కూడా మెరిసే కళ్లు చూసి ట్రిగ్గర్ లాగకండి. గొర్రెపిల్ల కళ్లూ మెరుస్తాయి, పక్కింటి పిల్లి కళ్లూ మెరుస్తాయి. ఒళ్లు మొత్తం కనబడాలి, దాని వెనక మట్టిగట్టు ఉండాలి.

ప్రశ్న: పొలం కౌలు చేసే ఆయన సరేనన్నాడు. ఇంకేమైనా కాగితం కావాలా? — షెఫీల్డ్

జవాబు: కావాలి. కౌలుదారు మాట రాత్రిపూటకి సరిపోదు. కుందేళ్లని కొట్టే హక్కు భూయజమానికి కూడా ఉంటే, 1981 వన్యప్రాణి చట్టం మార్చిన గ్రౌండ్ గేమ్ (కుందేళ్ల వేట) చట్టం ప్రకారం, రాత్రి తుపాకీ వాడకానికి ఆయన రాతపూర్వక అనుమతి ఉండాలి. మీకు కౌలుదారు ఇచ్చే అనుమతి కూడా రాతలోనే తీసుకోండి. రెండూ జేబులో పెట్టుకోండి. పెల్లెట్ ఆ భూమి హద్దు దాటితే నేరం. ముళ్లపంది లాంటి హెడ్జ్‌హాగ్, బ్యాడ్జర్ వంటి రక్షిత జంతువుల మీద నైట్ విజన్ గురి వాడటమూ నేరమే. జింకని రాత్రి కొట్టకూడదు. హద్దు దాటి స్కాట్లాండ్ వెళ్తే 2016 డిసెంబర్ 31 నుంచి ఎయిర్ రైఫిల్‌కీ సర్టిఫికెట్ ఉండాలి.

ప్రశ్న: హెచ్-1బీ మీద డాలస్ దగ్గర ఉంటాను. స్నేహితుడి రాంచ్‌లో రాత్రి కుందేళ్లు కొట్టొచ్చా? నైట్ విజన్‌ని సెలవులకి ఇండియా తీసుకెళ్లొచ్చా? — ఫ్రిస్కో

జవాబు: టెక్సస్‌లో కుందేళ్లు నాన్‌గేమ్ (వేట జంతువుగా లెక్కించని) జాబితాలో ఉన్నాయి. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో, హంటింగ్ లైసెన్సుతో ఏ కాలంలోనైనా, రాత్రైనా కొట్టొచ్చు. మీకున్న ఇబ్బంది వేరే. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు తుపాకీ కానీ తూటా కానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. టెక్సస్ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1న కొత్తది తీసుకోకుండా స్నేహితుడి .22 తుపాకీ చేతిలో పట్టుకున్నా అది ఫెడరల్ నేరమే. వీసాకే ఎసరు. ముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

ఆ తుపాకీలో వాడే .22 రిమ్‌ఫైర్ సబ్‌సోనిక్ (ధ్వని కంటే తక్కువ వేగంతో పోయే) తూటాకి 50 గజాల జీరో పెడితే 75 దగ్గర సుమారు 3 అంగుళాలు, 100 దగ్గర సుమారు 8 అంగుళాలు పడుతుంది. రాళ్ల నేల మీద ఎగిరిపోయే అలవాటు దానికి ఎక్కువ. అందుకని రాంచ్ అయినా మట్టిగట్టు లేని చోట కొట్టకండి.

ఇండియాకా? ఇమేజ్ ట్యూబ్ (చీకట్లోని కొద్దిపాటి వెలుగుని పెంచే గొట్టం) ఉన్న నైట్ విజన్‌ని అమెరికా నుంచి ఎగుమతి లైసెన్సు లేకుండా బయటికి తీసుకెళ్లడం నేరం, సూట్‌కేసులో పెట్టుకున్నా ఎగుమతే. అక్కడే వదిలి రండి.

ప్రశ్న: లైసెన్సు అక్కర్లేని .177 ఎయిర్‌గన్ ఉంది. దానికి ఇలాంటిది పెట్టి చెవులపిల్లుల్ని కొట్టొచ్చా? చేలో పందికొక్కుల బాధ కూడా ఉంది. — నల్గొండ

జవాబు: కొట్టకూడదు. తుపాకీకి లైసెన్సు అక్కర్లేదంటే వేటకి అనుమతి ఉన్నట్టు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చెవులపిల్లి వేట నేరం. పగలైనా రాత్రైనా, సొంత చేలో అయినా. పందికొక్కులకి ఈ సరంజామా అంతా ఎందుకు? గట్టు మీద కన్నాలన్నీ మూసి, ఒక్క కన్నానికి కుండ ఆనించి పొగ ఊదే యానాది మనిషి ఒక పూటలో పట్టే లెక్క, మీరు నెల రోజులు మేలుకున్నా రాదు.

ప్రశ్న: ఐఆర్ టార్చి 850 తీసుకోవాలా, 940 తీసుకోవాలా? బ్యాటరీ గంటకే అయిపోతోంది. — లెస్టర్

జవాబు: పొలంలో 850. 940 కంటికి అసలు కనబడదు, కానీ సెన్సర్‌కి కూడా సరిగ్గా కనబడదు. దూరం బాగా తగ్గిపోతుంది. 850 టార్చి ముందు భాగం సన్నని ఎర్రచుక్కలా వెలుగుతుంది. పదేపదే దెబ్బతిన్న చోట కుందేళ్లు ఆ చుక్కని చూసి పారిపోవడం నేర్చుకుంటాయి. అలాంటి చోట, లేదా 15 గజాల లోపు ఎలుకలు కొట్టే కొట్టంలో 940 పనికొస్తుంది. కొట్టంలో ఇంకోటి గుర్తుంచుకోండి: 30 గజాలకి జీరో చేసిన రైఫిల్ 5 గజాల దగ్గర ముప్పావు అంగుళం కింద కొడుతుంది.

బ్యాటరీ విషయంలో, ఐఆర్‌ని పూర్తి వెలుగులో వదిలేయడం వల్లే తొందరగా అయిపోతుంది. వెతికేటప్పుడు ఆపేయండి. 18650 సెల్ (ఈ పరికరాల్లో వేసే రీఛార్జ్ బ్యాటరీ) కొనేటప్పుడు 65 మిల్లీమీటర్ల పొడవుదే తీసుకోండి; రక్షణ సర్క్యూట్ ఉన్నవి 68 నుంచి 70 దాకా వస్తాయి, కొన్ని పరికరాల్లో మూత బిగియదు. చలిరాత్రి స్పేర్ సెల్‌ని సంచిలో కాదు, చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి.